వరదమ్మ నాడె దెబ్బ

నగరిలో మా వీధికి గుసగుస తెలియదు. తెల్లవారింది మొదలు రాత్రి భోజనాల వేళ వరకు ప్రతి ఇంటి ముందుగదిలో మరమగ్గాలు ఆడుతూనే ఉంటాయి. అందుచేత ఇక్కడి మనుషులు ఉప్పు అడిగినా అరచే అడుగుతారు, చావింట ఓదార్చినా అరచే ఓదారుస్తారు. రహస్యం చెప్పుకోవాలంటే కరెంటు పోయే దాకా ఆగాలి. కరెంటు పోగానే వీధి పొడుగునా మగ్గాలన్నీ ఒక్క క్షణంలో మూగబోతాయి. అప్పుడు అరుగుల మీద చేరి, దాచి ఉంచిన మాటలను ఒక్కొక్కటిగా బయటికి తీస్తారు. మా వీధి ఆడవాళ్ళు కరెంటు కోతను పైకి ఎంత తిట్టినా, లోపల దాని కోసం కొంత ఎదురుచూస్తూనే ఉంటారు.

వరదమ్మ ఈ చప్పుడులో పుట్టిన మనిషి కాదు. బంగారుపాళ్యం పక్కన మామిడి తోటలకు కాపలా ఉండే కుటుంబం ఆమెది. కాయ రాలితే వినిపించేటంత నిశ్శబ్దంలో పెరిగింది. ఢిల్లీబాబును పెళ్ళాడి ఈ వీధికి వచ్చిన తొలి రోజున అత్తను పక్కకు పిలిచి, "ఇంటి ముందర రైలు పోతా ఉండాదా అత్తా?" అని అడిగిందట.

"పోతానే ఉంటాది మే. ఎక్కేది లేదు, దిగేది లేదు" అన్నదట ఆ ముసలమ్మ.

ఈ ముచ్చటను వరదమ్మే తన గురించి తాను చెప్పుకొని నవ్వేది. కొన్నాళ్ళకే ఆమె గొంతు మగ్గాన్ని మించిపోయింది. వీధిలో ఎవరికి నొప్పులు వచ్చినా, ఎవరింట పొయ్యి వెలగకపోయినా మొదట వినిపించేది ఆ గొంతే. బడిలో నేను పాఠం చెబుతున్న కాలంలో కూడా మూడు వీధుల అవతలి నుండి అది నా తరగతి గదిలోకి వచ్చేది. పిల్లలు నవ్వేవారు, నేను ఆగి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి.

ఆ ఇంటిలో ఆమె పని కండెలు చుట్టడం. మగ్గం మీద అడ్డంగా పోయే దారాన్ని చిన్న పుల్లలకు బిగువుగా చుట్టి ఇవ్వాలి. చుట్టిన ఆ పుల్ల కండె. కండెను కడుపులో పెట్టుకొని మగ్గం ఈ కొస నుండి ఆ కొసకు పరుగెత్తే చిన్న కొయ్య పడవ నాడె. దాని రెండు మొనలకూ ఇనుప ములుకులు ఉంటాయి. కాపురానికి వచ్చిన కొత్తలో వరదమ్మ చుట్టిన కండెలు వదులుగా ఉండి, దారం గుత్తులు గుత్తులుగా జారేదట. ఢిల్లీబాబు ఒక కండెను చేతిలోకి తీసుకొని, "ఇవి కండెలా మే, కోడి పేగులా?" అని అడిగినాడట. "పేగులైతే కూర చేస్తా, తిను" అని ఆమె జవాబు. తరువాత ఆమె కండెలు వీధిలో అందరి కండెల కంటే బిగువుగా వచ్చాయి. అయినా ఆ ప్రశ్న మారలేదు, ఆ జవాబూ మారలేదు. వారి ఇంటి తలుపు తెరిచారని మాకు తెలిసేది ఆ రెండు మాటల వల్లనే. సరుకు జోలికి పోతే తప్ప గొంతెత్తని ఆ మనిషి భార్యతో రోజూ తప్పకుండా ఆడే మాట అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

నాడె గురించి ఇంకొంచెం చెప్పాలి. బెల్టు వదులైనా, నిలువుగా సాగే పడుగు దారం తెగి అడ్డం పడినా నాడె దారి తప్పి మగ్గంలో నుండి బయటికి ఎగురుతుంది. తుపాకీ గుండుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. మా వీధిలో నాడె దెబ్బ తినని ఒళ్ళు లేదు. ఒకరికి కనుబొమ్మ మీద గాటు, ఒకరికి ముందుపన్ను సగం. వీటిని ఇక్కడివారు గాయాలని అనుకోరు. మగ్గం వేసిన ముద్ర అని కొంత గర్వంగానే చూపిస్తారు. దానికి వైద్యం కూడా తరతరాలుగా ఒకటే: పసుపూ సున్నమూ కలిపి పట్టు వేయడం. ఈ అలవాటు ఎంత దూరం పోయిందంటే, ఒంటి మీద ఏ వాపు వచ్చినా, ఏ గడ్డ లేచినా, ఎప్పుడో తగిలిన నాడె ఒకటి జ్ఞాపకం వస్తుంది. ఈ ఒక్క మాట ఎందరి ప్రాణాల మీదికి తెచ్చిందో లెక్క వేసినవారు లేరు. ఒక పరిశ్రమ మొత్తం తన జబ్బులన్నిటికీ ఒకే పేరు పెట్టుకొని కూర్చుంటే, అది తప్పని చెప్పవలసిన వారు ఆ పక్కకే రాకపోవడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఆ ఏడు ఆడికృత్తిక పండుగకు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి మొక్కుల కావళ్ళు వెళ్ళి వచ్చాక, ఆగిన పనిని అందుకోవాలని వీధి అంతా తొందరలో ఉంది. ఢిల్లీబాబు ఎడమవైపు మగ్గానికి తెగిన బెల్టు మార్చి, సాయంత్రమైంది గదా అని, రెండవసారి సరిచూడకుండా వదిలాడు. మరునాటి ఉదయం వరదమ్మ కండెల బుట్ట పట్టుకొని ఆ మగ్గం పక్కగా పోతూండగా నాడె ఎగిరి వచ్చి ఆమె ఎడమ రొమ్ముకు పైభాగాన, చంకకు దగ్గరగా తగిలింది. బుట్ట ఎక్కడో పడింది. ఢిల్లీబాబు మగ్గం ఆపి ఆమె దగ్గరకు పరుగెత్తాడట.

పసుపూ సున్నమూ పట్టు వేశారు. నల్లగా కమిలిన చోటు పచ్చబడి, చివరకు ఒంటి రంగులో కలిసిపోయింది. కాని లోపల చింతగింజంత గట్టిదనం ఒకటి మిగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు గనుక మంచిదే అనుకున్నది వరదమ్మ. వీధిలో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు. నొప్పి లేని గడ్డనే ముందుగా అనుమానించాలని వైద్యులు ఏనాటి నుండో రాస్తున్నారు. ఆ రాతలు మా వీధి దాకా రాలేదు.

ఆ దెబ్బకు నిజంగా ఒరిగిపోయినవాడు ఢిల్లీబాబు. ఆనాటి నుండి భార్యను ఒక్క మాట అనలేదు. తనకు తానే శిక్ష వేసుకున్నట్టు మాంసం మానేశాడు. బెల్టులను ఒకటికి నాలుగుసార్లు చూసేవాడు. ఉదయం తలుపు తెరిచేటప్పుడు మాకు ఆ కోడి పేగుల ప్రశ్న వినిపించలేదు. వరదమ్మ మొదట్లో దాన్ని వేళాకోళంగానే తీసుకుంది. "నాడె తగిలింది నాకు, నోరు పడిపోయింది ఆయనకు" అని వీధికంతా చెప్పింది. వారాలు గడిచే కొద్దీ ఆ వేళాకోళం తగ్గింది. కావాలని వదులుగా ఒక కండె చుట్టి ఇచ్చి చూసిందట. ఆయన దానిని మారుమాట లేకుండా తానే తిరిగి చుట్టుకున్నాడు.

కార్తీకమాసంలో వీధి చివర సంఘం హాలులో ఆరోగ్య శిబిరం పెట్టారు. పెట్టినవారి పేరు రాయను. వారి కరపత్రం మాత్రం నా దగ్గర ఇప్పటికీ ఉంది. గులాబిరంగు కాగితం మీద పెద్ద పువ్వు బొమ్మ, దాని కింద "మహిళలకు ప్రత్యేక పరీక్షలు" అన్న అక్షరాలు. ఏ పరీక్షలో, దేనికో, ఎవరు రావాలో కాగితం రెండు వైపులా వెదికినా లేదు. రొమ్ము అన్న మాట రాయడానికి సిగ్గుపడ్డ చేయి ఆ రొమ్ములోని జబ్బును ఎలా పట్టుకుంటుందని ఎర్ర సిరాతో అంచున రాసి ఒక ప్రతిని వారికే పంపాను. జవాబు రాలేదు.

హాలులో ఏర్పాట్లు ఆ కరపత్రానికి తగ్గట్టే ఉన్నాయి. రక్తపోటు చూసే బల్ల, చక్కెర చూసే బల్ల, మూలన స్త్రీలను పరీక్షించే ఒక బెంచీ. ఆ బెంచీకి తెర లేదు. పక్కన వీధి వైపు కిటికీ, ఎదురుగా చక్కెర పరీక్షకు వరుసలో నిలబడిన మగవారు. వచ్చిన ఆడవాళ్ళు రక్తపోటు చూపించుకొని, ఆ మూలకొకసారి చూసి, పైట సర్దుకొని వెనుతిరిగారు. పర్యవేక్షకుడు నాతో, మీ ఊరి ఆడవాళ్ళకు సిగ్గెక్కువ, ముందుకు రావడం లేదని నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు ఆగకముందే వరదమ్మ గొంతు హాలును నింపింది.

"ఊరికంతా గుడ్డ నేసేది మేము. మాకు తెర కట్టేదానికి గుడ్డ లేకపాయనా సామీ?"

ఆమె ఇంటికి వెళ్ళి, మడిచి సిద్ధంగా ఉంచిన లుంగీగుడ్డ తాను ఒకటి ఎత్తుకొచ్చింది. మరునాడు పంపవలసిన సరుకది. ఇంకోనాడైతే ఢిల్లీబాబు ఆకాశం పగిలేటట్టు అరచి ఉండేవాడు. ఆనాడు గడపలో నిలబడి చూశాడే గాని ఒక్క మాట అనలేదు. ఆమె కిటికీ చువ్వ నుండి ఎదుటి స్తంభానికి తాడు కట్టి, ఆకుపచ్చ గళ్ళ లుంగీగుడ్డను నేల దాకా వేలాడదీసింది. వెనుతిరిగిన వారిని ఇళ్ళలోకి పోయి చేయి పట్టుకొని పిలుచుకొచ్చింది. ఆపైన తెర ముందు తానే కాపలా నిలబడింది. చక్కెర పరీక్ష అయిపోయినా అక్కడే తచ్చాడుతున్న మునిచంద్ర అనే అతనిని పట్టుకొని, "ఏమప్పా, నీ షుగరు ఆ పక్క సూస్తారు. ఈ పక్క నీకు నా మొగం తప్ప ఏమీ కనపడదు. అది సూసినా షుగరు తగ్గదు" అన్నది. హాలంతా నవ్వింది, మునిచంద్ర వెళ్ళిపోయాడు.

తెర వెనుక పరీక్షిస్తున్నది మోనిక అనే నర్సు. రేణిగుంట నుండి రోజూ రైలులో మా ఊరి ఆరోగ్య కేంద్రానికి వచ్చే చురుకైన పిల్ల. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేస్తూనే, ఇంటిలో తమను తాము ఎలా చూసుకోవాలో, వేళ్ళను ఎలా పరచి తడమాలో, చర్మం నొక్కుకుపోయినా, చనుమొన లోపలికి పోయినా, రసి కారినా ఆలస్యం చేయకుండా ఎందుకు రావాలో చెప్పి పంపింది. ముప్పై దాటినవారు బాగున్నా సరే వచ్చి చూపించుకోవాలని కూడా చెప్పింది. సాయంత్రం సామాను సర్దుకుంటూ తెర విప్పుతున్న వరదమ్మను చూసి ఆగింది.

"అందర్నీ పంపినావు పెద్దమ్మా. నువ్వు రాలేదే?"

"నాకేముంది మోనికమ్మా. నాది నాడె దెబ్బ."

మోనిక చేతిలోని పెట్టె కింద పెట్టింది. ఏ దెబ్బ, ఎప్పటిది, ఇంకా చేతికి గడ్డగా తగులుతున్నదా అని అడిగింది. సగం విప్పిన తెరను మళ్ళీ కట్టింది. బయటికి వచ్చేటప్పుడు ఇద్దరి ముఖాలూ మారి ఉన్నాయి. ఇది దెబ్బో కాదో తన వేళ్ళు చెప్పలేవనీ, తిరుపతి పెద్దాసుపత్రిలో ఫోటో తీసి చూస్తే తప్ప తెలియదనీ, ఈ వారంలోనే వెళ్ళాలనీ మోనిక ఒక చీటీ రాసి ఇచ్చింది. భయపెట్టే మాట ఒక్కటీ అనలేదు, అబద్ధమూ చెప్పలేదు.

వారం గడిచింది. వరదమ్మ తిరుపతి పోలేదు. ఒకనాటి మధ్యాహ్నం ఆ చీటీని పైట కొంగులో ముడివేసుకొని మా అరుగు మీదికి వచ్చింది. వీధిలోని రేషను కార్డుల నుండి పెళ్ళి పత్రికల దాకా పదిలపరిచే పని నాకు ఎవరూ అప్పగించకుండానే వచ్చి చేరింది గనుక, దీనిని కూడా నా పెట్టెలో పెట్టుకోమన్నది. ఆయన కంట పడకూడదన్నది. మగ్గాల చప్పుడులో మేమిద్దరం వీధి అలవాటు ప్రకారం అరచుకొనే మాట్లాడుకుంటున్నాం. నా దగ్గర కాగితాలు భద్రంగా ఉంటాయి గాని దాక్కోవని నేను చెప్పాను. ఎందుకు పోవడం లేదని గట్టిగానే కోప్పడ్డాను.

ఆమె చెప్పిన కారణం విని నా కోపం ఎటు పోవాలో తెలియక నిలిచిపోయింది. ఆ గడ్డ పెద్ద జబ్బని తేలితే, బెల్టు బిగించినవాడు తానే గనుక ఆ జబ్బును తానే ఇచ్చినట్టు ఢిల్లీబాబు అనుకుంటాడు. ఇప్పటికే సగమైనాడు; అది కూడా వింటే మనిషి మిగలడు. దానికంటే తనకేమైనా కానీ, ఆయన చేతి మీదుగా అయిందని మాత్రం అనిపించుకోకూడదు. దెబ్బ వల్ల ఆ జబ్బు రాదని నేను చదివింది చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నాడె ములుకు ఎంత గట్టిగా తగిలిందో నా పుస్తకాలకు తెలియదన్నది. తరువాత చేయి చాచి, మగ్గాల మీదుగా నాకు వినిపించేటట్టు ఉన్న గొంతంతా పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ మాట మధ్యలో ఉండగా కరెంటు పోయింది. వీధి పొడుగునా మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. మాట మాత్రం ఆగలేదు.

"ఆయన వల్లనే నాకీ గడ్డ వచ్చిందని ఆయనకు తెలవకూడదు అయ్యోరా!"

ఆ నిశ్శబ్దంలో ఆ వాక్యం వీధి ఆ చివర దాకా పోయింది. ఎదురింటి అరుగు మీద పూలు కడుతున్నవారు తలెత్తారు. వరదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్క గడపలోకి ఢిల్లీబాబు వచ్చి నిలబడ్డాడు. చేతిలో స్పానర్ అలాగే ఉంది. ఆమె వైపు చూశాడు, నా చేతిలోని చీటీ వైపు చూశాడు.

"తిరుపతి బస్సు ఎన్నిటికి అయ్యోరా?" అని నన్ను అడిగాడు.

మరునాడు తొలి బస్సుకు ముగ్గురం బయలుదేరాం. కాగితాల సంచి నాది గనుక నన్ను వదలలేదు. ఆసుపత్రి చీటీల కిటికీ దగ్గర, ఎందుకు వచ్చారని లోపలి అమ్మాయి మెల్లగా అడిగితే, వరదమ్మ మా వీధి గొంతుతో "రొమ్ములో గడ్డమ్మా" అని చెప్పింది. వరండాలోని వారంతా తిరిగి చూశారు. పక్కన కూర్చున్న ఒక ఇల్లాలు తల దించుకొని, కొంతసేపటికి లేచి వచ్చి, తాను కూడా అందుకే వచ్చాననీ, పొద్దుటి నుండి ఆ మాట చెప్పలేక కడుపునొప్పి వరుసలో కూర్చున్నాననీ వరదమ్మ చెవిలో చెప్పింది. వరదమ్మ ఆమె చేయి పట్టుకొని సరైన వరుసలో తన ముందు నిలబెట్టింది. ఇంత పెద్ద నగరంలో ఒక ఆడది తన శరీరంలోని అవయవం పేరు చెప్పలేక తప్పుడు వరుసలో కూర్చోవలసి రావడానికి ఎవరు సిగ్గుపడాలో పాఠకులే నిర్ణయించాలి.

రెండు పలకల మధ్య రొమ్మును అదిమి ఫోటో తీశారు. దానిని మామోగ్రామ్ అంటారు. స్కానింగు చేశారు. సన్నని సూదితో గడ్డ నుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం కోసం మరోసారి రమ్మన్నారు. ఆ మధ్యలోని రోజుల్లో ఢిల్లీబాబు ఎడమవైపు మగ్గాన్ని ఆడించలేదు. ఎవరు అడిగినా బెల్టు బాగాలేదని చెప్పాడు.

ఫలితం చెప్పిన వైద్యురాలి పేరు హేమశ్రీ. మా వీధి కొత్త కోడళ్ళ వయసు ఉంటుంది. కాగితం చూసి, కుర్చీని వరదమ్మకు దగ్గరగా జరుపుకొని, అది క్యాన్సరేననీ, చిన్నదిగా ఉన్నప్పుడే దొరికిందనీ, చంకలోని గ్రంథులకు పాకినట్టు కనబడలేదనీ, రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకు తీసి, తరువాత కొన్ని వారాలు కిరణాల వైద్యం చేస్తామనీ, కొన్నేళ్ళు మాత్రలు వాడాలనీ ఒక్కొక్కటే నిదానంగా చెప్పింది. వరదమ్మ వింటున్నది గాని చూపు భర్త మీదనే ఉంది.

ఢిల్లీబాబు కుర్చీలో నుండి లేచాడు. నేరస్థుడు న్యాయమూర్తి ముందు నిలబడినట్టు చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, నాదే తప్పు. ఆ బెల్టు బిగించింది నేను. సరిగా సూడలేదు. నాడె ఎగిరి ఆమెకు తగిలింది. దాంతోనే వచ్చింది ఈ రోగం."

హేమశ్రీ ఆయనను కూర్చోమన్నది. ఆయన కూర్చోలేదు.

"పెద్దాయనా, దెబ్బ తగిలితే క్యాన్సర్ రాదు. ఈ గడ్డ ఆ నాడె కంటే ముందు నుంచే లోపల ఉండింది. దెబ్బ తగిలింది గనుక ఆమె చెయ్యి అక్కడికి పోయింది, గడ్డ ఉందని తెలిసింది. మీరు ఇచ్చింది కాదిది."

"నేను కాదా?"

"కాదు."

మళ్ళీ అడిగాడు. ఆమె విసుగు లేకుండా మళ్ళీ అదే చెప్పింది. అప్పుడు కూర్చున్నాడు. భార్యకు క్యాన్సర్ ఉన్నదని విన్న గదిలో, ఆ మాట విన్న కొద్దిసేపటికే, ఒక మనిషి ఊరటతో ఏడవడం నేను అక్కడే చూశాను. వరదమ్మ తన కొంగుతో ఆయన ముఖం తుడిచింది. "గమ్మునుండు. నాకు గదా రోగం, నువ్వేడిస్తే ఎట్లా?" అన్నది. వైద్యురాలు కిటికీ వైపు తిరిగింది. ఆపైన మా వైపు తిరిగి, దెబ్బ అనుకొని ఇన్ని నెలలు ఊరుకోవడం మాత్రం తప్పేననీ, మరికొంత కాలం అలాగే ఉండి ఉంటే తాను ఇంత ధైర్యంగా మాట్లాడగలిగేది కాదనీ కఠినంగానే చెప్పింది. ఆ మందలింపు నాకు నచ్చింది.

ఆపరేషను సక్రమంగా జరిగింది. తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయనీ, గ్రంథులలో జబ్బు లేదనీ రాసిన కాగితం నా పెట్టెలో చేరింది. వరదమ్మ ఇంటికి వచ్చి పడుకున్న రోజుల్లో ఆడబిడ్డ ఆనందమ్మ తోడు వచ్చింది. ప్రేమ గల మనిషే; కాని వీధికి భయపడే మనిషి. ఒకనాడు కరెంటు పోయిన వేళ మంచం పక్కన కూర్చొని ఒక ఉపాయం చెప్పింది. అడిగినవాళ్ళందరికీ నాడె దెబ్బకు చీము పట్టి ఆపరేషను చేసినారని చెబితే సరిపోతుంది. ఆ పేరు బయటికి వస్తే అంటుకుంటుందని కొందరు నీళ్ళు తాగరు, ఎంగిలి ముట్టరు. ఎందుకొచ్చిన గొడవ?

ఆ జబ్బు అంటుకునేది కాదు. చదువుకున్న ఇళ్ళలో కూడా ఈ మాట ఇంకా బతికి ఉండడం చూస్తే రక్తం మరుగుతుంది. కాని ఆనందమ్మకు సమాధానం నేను చెప్పవలసిన పని రాలేదు.

"వొదినా, నేను నాడె దెబ్బంటే మా ఇంటాయన మళ్ళా తలకాయ దించుకుంటాడు" అన్నది వరదమ్మ. "ఇంగోటి. పక్కింట్లో ఎవురికన్నా గడ్డ లేస్తే, వరదమ్మకు మాదిరి నాడె దెబ్బేలే అని పసుపు సున్నం పెట్టుకోని కూసుంటాది. ఆ పాపం నాకేల?"

అని లేచింది. ఆనందమ్మ వారిస్తున్నా గోడ పట్టుకొని గడప దాకా వచ్చింది. కరెంటు ఇంకా రాలేదు. వీధి నిశ్శబ్దంగా ఉంది. ఆ చివర నుండి ఈ చివర దాకా అందరూ అరుగుల మీదనే ఉన్నారు. ఆమె గొంతు ఆపరేషను తరువాత కొంచెం సన్నబడింది గాని ఆ వీధికి సరిపోయింది. తనకు వచ్చింది రొమ్ము క్యాన్సరనీ, నాడెతో వచ్చింది కాదనీ, ఏ గడ్డ ఉన్నా పట్టు వేసుకోకుండా మోనికమ్మకు చూపించుకోమనీ చెప్పింది. చెప్పి, ఎవరూ ఏమీ అనకముందే, "సూస్తా ఉండారేమి, ఎవురన్నా ఒక చెంబు నీళ్ళు తెచ్చియ్యండి" అన్నది. నాలుగు ఇళ్ళ నుండి నీళ్ళు వచ్చాయి. ఆనందమ్మ అన్నిటినీ అందుకోవలసి వచ్చింది.

తరువాతి వారాల్లో ఆరోగ్య కేంద్రానికి మా వీధి నుండి వెళ్ళినవారు పెరిగారు. వారిలో ముగ్గురో నలుగురో నాడె దెబ్బల వారు. ఒకామెకు నీటి తిత్తి. సూదితో తీసి పంపించారు. మరొకామెకు ప్రమాదం లేని గడ్డ. గడ్డ అంటే క్యాన్సరే కానక్కరలేదని, చాలా గడ్డలు అటువంటివి కావని వాళ్ళు తిరిగివచ్చి అరచి చెబుతుంటే వరదమ్మ వినేది. మోనిక తెర కోసం ఎవరినీ అడగవలసిన అవసరం లేకుండా వరదమ్మ ఆ ఆకుపచ్చ గళ్ళ తానును ఆ కేంద్రానికే ఇచ్చేసింది.

తిరుపతికి పోయి వస్తూ కిరణాల వైద్యం పూర్తి చేసుకుంది. ఆ వారాల్లో అలసట ఎక్కువగా ఉండేది. చర్మం కాలినట్టు నల్లబడింది. అవి కూడా తగ్గాయి. మాత్రలు మొదలయ్యాయి. తదుపరి పరీక్షకు వెళ్ళినప్పుడు అంతా బాగున్నదని హేమశ్రీ రాసి ఇచ్చింది. ఆ కాగితాన్ని వరదమ్మ నాకు ఇస్తూ సంతోషించలేదు. ఎందుకని అడిగితే, ఆయన ఇంకా ఏమీ అనడం లేదని చెప్పింది. తన తప్పు కాదని తెలిసి కూడా ఆయన తిట్టడం లేదంటే, భార్య ఎక్కువ కాలం ఉండదని ఆయనకు ఏదో తెలిసి ఉంటుందని ఆమె భయం. వైద్యురాలు ఆయనను విడిగా పిలిచి ఏమన్నా చెప్పిందా అని నన్ను నిలదీసింది. లేదని ఎంత చెప్పినా నమ్మలేదు. మనిషి మంచితనాన్ని చూసి అంతగా భయపడ్డవారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆమె మళ్ళీ కండెల పనిలో కూర్చున్నది వేసవి చివర, మామిడికాయలు పుట్టింటి నుండి వచ్చిన వారంలో. నేను కాయల వాటా తీసుకోవడానికి ఆ ఇంటికి వెళ్ళాను. ఎడమ చేతికి ఇంకా పూర్తిగా పట్టు రాక చుట్టడం నెమ్మదిగా సాగుతున్నది. ఢిల్లీబాబు ఎడమవైపు మగ్గాన్ని ఆడిస్తున్నాడు. దారం తెగి మగ్గం ఆగింది. నాడెను బయటికి తీసి, అందులోని కండెను వెలుతురుకు ఎత్తి చూశాడు. దారం గుత్తిగా జారి వేలాడుతున్నది. వరదమ్మ తల ఎత్తి చూస్తూ ఉంది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, మరల ఆ కండెను చూశాడు.

"ఇది కండెనా మే? కోడి పేగా?"

వరదమ్మ ముఖం ఎలా వెలిగిందో రాయడం నాకు చేతకాదు. నా వైపు తిరిగి, ఆ డాక్టరమ్మ కాగితం నిజమేననీ, ఇంక దాన్ని పెట్టెలో ఎక్కడ పెట్టుకున్నా పరవాలేదనీ అన్నది. ఆపైన భర్త వైపు తిరిగి ఉన్న గొంతంతా పెట్టింది.

"పేగైతే కూర చేస్తా, తిను!"

మాంసం మానేసి ఏడాది కావస్తున్నదని ఢిల్లీబాబు గుర్తుచేశాడు. అది ఎవరు మానమన్నారని ఆమె అడిగింది. ఆయన మగ్గం వేశాడు. దాని చప్పుడును మించి ఇద్దరూ ఎంతసేపు అరచుకున్నారో వీధి అంతా విన్నది.